రోషన్ బీ తోలిన జట్కా

ఖాజా పీర్ మీద రోషన్ బీకి కోపం రావడం కొత్త కాదు. పదకొండేళ్ళ కాపురంలో వచ్చిన కోపాలన్నీ పొయ్యి దగ్గర మొదలై, అన్నం ఉడికేలోగా చల్లారిపోయేవి. అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో, కదిరి నుంచి ఉరవకొండకు పోయే దారిలో వచ్చిన కోపం మాత్రం అట్లాంటిది కాదు.

కదిరిలో ఖాజా పీర్‌కు ఒక జట్కా, ఒక ఎర్ర గుర్రం ఉండేవి. రైలు దిగినవాళ్ళను ఊళ్ళోకి, పల్లెల నుంచి వచ్చే పెద్దమనుషులను తాలూకా కచేరీకి తిప్పేవాడు. రోడ్డు మీద బస్సులు పెరిగాక జట్కా ఎక్కేవాళ్ళు తగ్గారు. రెండేళ్ళు వరసగా వానలు పడకపోయేసరికి పల్లెల నుంచి వచ్చేవాళ్ళే లేకుండా పోయారు. గుర్రం పక్కటెముకలు దూరం నుంచే కనపడుతున్నాయి. అప్పుడు ఉరవకొండలో ఉండే రోషన్ బీ వాళ్ళ అన్న హుస్సేన్ బాషా కబురు పంపాడు. ఆ పక్క కాలువ తవ్వే పనులు జరుగుతున్నాయని, మేస్త్రీలను, ఓవర్సీర్లను తిప్పడానికి బండ్లు చాలడం లేదని, పిల్లలను తీసుకుని వచ్చేయమని.

పిల్లలు ముగ్గురు. హబీబాకు ఎనిమిదేళ్ళు, మస్తాన్‌కు ఐదు. పాప మాబున్నికి పది నెలలు, ఇంకా పాలు తాగుతోంది. సామాను, పిల్లలు, అందరూ జట్కాలోనే పోవాలి. గుర్రం ఉన్న స్థితికి ఐదు రోజుల ప్రయాణం. రోషన్ బీ ఒకే ఒక్క షరతు పెట్టింది. చల్లపొద్దున బయలుదేరి ఎండ ఎక్కేలోగా చెట్టుకింద ఆగాలి, మళ్ళీ పొద్దు వాలినాకే బండి కదలాలి. నడుమ ఎవరు పిలిచినా ఆగకూడదు. ఖాజా పీర్ అట్లాగేనన్నాడు.

మొదటిరోజు అట్లాగే జరిగింది. పిల్లలకు అది పండగలాగే ఉంది. మస్తాన్ తండ్రి పక్కన కూర్చుని మైలురాళ్ళు లెక్కపెట్టాడు. ఎండిపోయిన చెరువుల్లో పగుళ్ళు చూసి అవి దేనివని అడిగాడు. హబీబా చెల్లెలిని ఒళ్ళో పెట్టుకుని గుర్రం తోకకు ఈగలెట్లా తోలుకోవాలో నేర్పుతున్నట్టు మాట్లాడింది. మధ్యాహ్నం వేపచెట్ల కింద జొన్నరొట్టె, ఉల్లిగడ్డకారం తిన్నారు. గుర్రానికి నానబెట్టిన ఉలవలు పెట్టారు. చీకటి పడకముందే ముదిగుబ్బ చేరి, ఒక కొట్టం పంచన పడుకున్నారు.

రెండోరోజు కోడికూతకే లేచి బయలుదేరారు. ముదిగుబ్బ దాటి నాలుగు మైళ్ళు పోయాక ఎండ చురుక్కుమంది. రోడ్డు పక్కన రెండు తుమ్మచెట్లు కనిపిస్తే ఖాజా పీర్ అక్కడ బండి నిలిపాడు. ఆ చెట్ల కింద అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన గంగాధరప్ప, ఆ పక్క పల్లెకు మునసబు. ఇంకొకామె ఆయన తల్లి రామక్క. పక్కన ఒక ఇనప పెట్టె. పొద్దున రావలసిన బస్సు రాలేదు. మరుసటిరోజు పది గంటలకు గంగాధరప్పకు అనంతపురంలో, కలెక్టరాఫీసులో పని. తల్లిని అక్కడే ఉన్న కూతురి ఇంట్లో దింపాలి.

గంగాధరప్ప ఖాజా పీర్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు. కదిరి కచేరీకి వచ్చినప్పుడల్లా ఆయన ఎక్కేది ఈ జట్కానే. ఖాజా పీర్ తండ్రి తోలేటప్పుడూ ఇదే.

"ఏమిరా ఖాజా, దేవుడు పంపినట్టు వచ్చినావు. పెట్టె ఎత్తు," అన్నాడు.

ఖాజా పీర్ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎక్కడికి పోతున్నాడో, బండిలో ఎవరున్నారో, గుర్రం ఎట్లా ఉందో ఏదీ చెప్పలేదు. పెట్టె ఎత్తాడు.

రోషన్ బీ అతన్ని పక్కకు పిలిచి మెల్లగానే అడిగింది, ఇంత ఎండలో బండి కదిలిస్తే పిల్లలు ఏం కావాలని. అతను ఆమె మొహం చూడకుండా, పెద్దాయన అడిగినాక కాదనడం ఎట్లా అన్నాడు. బత్తలపల్లి దాకా పోతే అక్కడ వేరే బండి మాట్లాడి ఎక్కిస్తానన్నాడు. బత్తలపల్లి ఇంకా పన్నెండు మైళ్ళు.

పెట్టె పట్టడానికి సామాను సర్దాల్సి వచ్చింది. పరుపుచుట్ట పైకప్పు మీదికి పోయింది. గిన్నెల మూట కిందికి వేలాడింది. ఆ తీయడంలో, పెట్టడంలో నీళ్ళ కూజా జారి రోడ్డు మీద పడింది. ముదిగుబ్బలో ఒకామె తన బిందెలోంచి కొలిచినట్టు పోసిన నీళ్ళు అవి. తారు మీద కాసేపు నల్లగా కనిపించి ఆరిపోయాయి. మట్టిది కదా, అనంతపురంలో అణాకొకటి దొరుకుతుందని గంగాధరప్ప అన్నాడు.

రామక్కకు మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలి. గంగాధరప్ప బరువైన మనిషి. వాళ్ళిద్దరూ, పెట్టె ఎక్కాక బండిలో చోటు లేదు, గుర్రానికి సత్తువా లేదు. కొంచెం దూరం నడవండి, చల్లటి చోటు రాగానే ఆపుతానని ఖాజా పీర్ పెళ్ళాంతో అన్నాడు. మస్తాన్‌ను మాత్రం తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పావుమైలు పోయాక, పిల్లోడు అడ్డంగా ఉన్నాడు, అమ్మకు గాలి తగలడం లేదని గంగాధరప్ప అన్నాడు. ఖాజా పీర్ కొడుకును దింపేశాడు.

రోషన్ బీ పాపను చంకనేసుకుని, కొంగు దాని తల మీద కప్పి నడిచింది. హబీబా కాళ్ళకు చెప్పులు లేవు. రోడ్డు మీద తారు మెత్తబడి కాళ్ళకు అంటుకుంటోంది. పక్కన మట్టిలో నడుద్దామంటే అంతా పల్లేరుకాయలు. ఆ పిల్ల కాసేపు తారు మీద, కాసేపు ముళ్ళ మీద, గంతులేస్తూ నడిచింది. మొదటి మైలు అది ఆటేమో అనుకున్నట్టు తమ్ముణ్ణి నవ్వించింది. రెండో మైలులో నోరెత్తలేదు. జట్కా వెనకభాగంలో రామక్క పాదాలు కనిపిస్తున్నాయి, వెండి మెట్టెలతో. బండి ఊగినప్పుడల్లా అవి ఊగుతున్నాయి. రోషన్ బీ ఆ పాదాలనే చూస్తూ నడిచింది.

మస్తాన్ నీళ్ళు అడిగాడు. ఆమె బండి దగ్గరికి ఉరికి, గంగాధరప్ప ఒళ్ళో ఉన్న ఇత్తడి చెంబు చూపించి, పిల్లోడి దోసిట్లో ఒక్క గుక్కెడు పైనుంచి పోయమని అడిగింది. అవి అమ్మకు మాత్రమే సరిపోతాయని, ముందర బావి ఉందని ఆయన అన్నాడు. ఖాజా పీర్ విన్నాడు. వీపు కూడా కదిలించలేదు.

మూడో మైలురాయి దగ్గర మస్తాన్ కూలబడిపోయాడు. కళ్ళు తేలేశాడు. ఒళ్ళు పొయ్యి మీది పెనంలాగా ఉంది, చెమట మాత్రం లేదు. రోషన్ బీ పాపను హబీబా చేతికిచ్చి, కొడుకును భుజాన వేసుకుని, మొగుణ్ణి పేరు పెట్టి అరిచింది. పదకొండేళ్ళలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అతను వెనక్కి తిరిగి చూసి, అదిగో చింతచెట్లు, అక్కడే బావి అని చెయ్యి చూపించాడు. బండి ఆపలేదు. చింతచెట్లు రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్నాయి.

ఆమె అక్కడికి చేరేసరికి ఖాజా పీర్ దిగుడుబావిలోంచి మొదటి బకెట్ నీళ్ళు తెచ్చి ఉన్నాడు. ఆ నీళ్ళతో గంగాధరప్ప కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఖాజా పీర్ వంగి పోస్తున్నాడు. మడమలకు, పిక్కలకు, తర్వాత మొహానికి. రోషన్ బీ బకెట్ లాక్కుంది. మిగిలిన రెండు దోసిళ్ళ నీళ్ళు కొడుకు తల మీద పోసింది. ఖాళీ బకెట్ మొగుడి కాళ్ళ దగ్గర పడేసింది. అతను మళ్ళీ దిగిపోయి నీళ్ళు తెచ్చాడు. ఈసారి పిల్లలు తాగారు. మస్తాన్ రెండుసార్లు కక్కి, మూడోసారి నీళ్ళు నిలుపుకున్నాడు. కళ్ళు తెరిచి అమ్మను చూశాడు. ఇంకో రెండు బకెట్లు గుర్రం తాగింది.

హబీబా నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చుంది గాని కాళ్ళు నేలకు ఆనించలేదు. రోషన్ బీ ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూసింది. అరికాళ్ళ నిండా బొబ్బలు. కొన్ని పగిలి, వాటి మీద తారు అంటుకుని ఉంది. ఎందుకు చెప్పలేదని అడిగింది.

"నాయన ఆపుతాడనుకుంటి," అంది ఆ పిల్ల.

గంగాధరప్ప చెట్టుకింద దుప్పటి పరిపించుకుని పడుకున్నాడు. వేడికి కడుపులో మంటగా ఉందని, పక్కనున్న పల్లెకు పోయి మజ్జిగ తెమ్మని ఖాజా పీర్‌ను పంపాడు. అక్కడికి అరమైలు. గంగాధరప్ప ఇచ్చిన ముంత పట్టుకుని ఖాజా పీర్ బయలుదేరాడు. పోయేముందు పెళ్ళాం దగ్గరికి వచ్చి, పిల్లోడు తేరుకున్నాడు కదా అన్నాడు. ఆమె కొంగుతో మస్తాన్ మొహం తుడిచింది. అతను పొలం గట్టు మీద నడిచి పోతుంటే, కనుమరుగయ్యేదాకా చూసింది. గంగాధరప్ప మొహం మీద తువ్వాలు కప్పుకుని గురక మొదలుపెట్టాడు.

అప్పుడు ఆమె లేచింది. పదకొండేళ్ళుగా ఆ గుర్రానికి దాణా పెట్టింది ఆమె. మాలిష్ చేసింది, జీను తుడిచింది ఆమె. మొగుడు తెల్లారి నిద్ర లేవనప్పుడు బండికి కట్టిందీ ఆమే. గుర్రాన్ని బండికి కట్టింది. ఇనప పెట్టెను అంచుదాకా లాగి కిందికి తోసేసింది. అది ధబ్బున పడినా గురక ఆగలేదు. రామక్క మాత్రం బండిలోంచి దిగనేలేదు, ఇదంతా కళ్ళప్పగించి చూస్తోంది.

"అవ్వా, దిగుతావా, ఉంటావా?" అని అడిగింది రోషన్ బీ.

ముసలామె చెట్టుకింద పడుకున్న కొడుకు వైపు చూసింది. "దిగితే మళ్ళా ఎక్కలేను పాపా. యాడికి పోతాండావో పో. నన్ను బత్తలపల్లిలో దించు."

"అట్లయితే కాళ్ళు ముడుచుకో. నా బిడ్డలు కూచోవల్ల."

రామక్క మూలిగి, రెండు చేతులతో మోకాళ్ళు ఎత్తి ముడుచుకుంది. రోషన్ బీ ముగ్గురు పిల్లలనూ ఎక్కించి, ముందు పలక మీద కూర్చుని పగ్గాలు పట్టింది.

చక్రాలు రోడ్డెక్కిన చప్పుడుకు గంగాధరప్ప లేచాడు. పంచె ఎగ్గట్టుకుని, చెప్పులు లేకుండా పరుగెత్తాడు. గుర్రపు దొంగ అన్నాడు, పోలీసులన్నాడు, ఇంకా చాలా అన్నాడు. ఆమె గుర్రాన్ని తరమలేదు. మామూలు నడకలోనే పోనిచ్చింది. వందగజాలు వచ్చేసరికి ఆయన అరికాళ్ళు కాలి, ముందుకూ వెనక్కూ పోలేక రోడ్డు పక్కన ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

దారిలో రామక్క చెంబు మూత తీసి, మస్తాన్ తల తన ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టింది. చెంబు అంచు వాడి పెదాలకు తగిలినా తీసేయలేదు. రోషన్ బీ వెనక్కి చూసింది. ఆమెకు ఇంకా మండింది.

"ఆ బిడ్డ నడుస్తాంటే నువ్వు చూస్తానే ఉండావు కదా," అంది.

"చూసినా."

"మరి చెప్పలేదే?"

"నేను చెబితే వాడు వింటాడా."

"వినేది విననిది వాడి కర్మ. నువ్వు చెప్పలేదు."

రామక్క చెంబుకు మూత పెట్టింది. దారిలో ఆడమనిషి జట్కా తోలడం చూసి గొర్రెలకాపరులు నిలబడి చూశారు. ఒకాయన మొగుడికి ఏమైందమ్మా అని అడిగాడు. బాగానే ఉన్నాడని చెప్పి సాగిపోయింది.

పొద్దు వాలేవేళకు బత్తలపల్లి చేరింది. బస్సులు ఆగే చోట ఒక హోటలు ముందు పందిరి ఉంటే, ఆ నీడన బండి నిలిపి, హోటలామెను అడిగి పిల్లలకు సంగటి పెట్టింది. హబీబా కాళ్ళకు అంటిన తారును ఆముదంతో మెల్లగా తీస్తోంది. అప్పుడు కదిరి వైపు నుంచి బస్సు వచ్చింది. పొద్దున రావలసిన బస్సు అది. దాని మీద ఇనప పెట్టె ఉంది. లోపలి నుంచి గంగాధరప్ప దిగాడు. ఆయన వెనక ఖాజా పీర్ దిగాడు. అతని చేతిలో మజ్జిగ ముంత ఇంకా ఉంది, పైన ఆకు కప్పి. తొమ్మిది మైళ్ళూ దాన్ని ఒలకకుండా పట్టుకుని వచ్చాడు.

గంగాధరప్ప నేరుగా పందిరి కిందికి వచ్చాడు. పదిమంది పోగయ్యారు. తల్లిని ఎత్తుకుపోయిందని, పెట్టె పగలగొట్టిందని వాళ్ళందరికీ చెప్పాడు. తర్వాత ఖాజా పీర్ వైపు తిరిగాడు.

"నీ పెండ్లాన్ని నువ్వు అదుపులో పెట్టుకుంటావా, నన్ను పెట్టమంటావా?"

అందరూ ఖాజా పీర్‌ను చూశారు. రోషన్ బీ హబీబా కాలు ఒళ్ళోంచి దించకుండానే మొగుడి మొహంలోకి చూసింది. బండి కదిలిన దగ్గర్నుంచి ఆ మొహం చూడలేదు ఆమె. దుమ్ము కొట్టుకుని, పెదాలు తెల్లబడి, ఎవరో తెలియని మనిషిలా ఉన్నాడు.

"ఆ మజ్జిగ ఎవరికి తెచ్చినావు?" అని అడిగింది. "పదిమంది ఉండారు. వాళ్ళ ముందర చెప్పు. ఎవరికి?"

అతను ముంత వైపు చూసుకున్నాడు. పిల్లల వైపు చూశాడు. గంగాధరప్ప చెయ్యి చాపలేదు గాని, కదలకుండా నిలబడ్డాడు. ఖాజా పీర్ ఎవరికీ ఇవ్వలేదు. మెల్లగా వంగి ఆ ముంతను ఎవరికీ దగ్గర కాని చోట నేల మీద పెట్టాడు. పెట్టి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

రోషన్ బీ లేచి వచ్చి ముంత ఎత్తుకుంది. సగం మస్తాన్‌కు, సగం హబీబాకు తాగించింది.

బస్సు డ్రైవరు హారను కొట్టాడు. ఎక్కేవాళ్ళు ఎక్కాలని, ఇప్పటికే పొద్దుపోయిందని కండక్టరు కేక వేశాడు. మర్నాడు పదింటి పని గంగాధరప్పకు గుర్తొచ్చింది. కదిరిలో మళ్ళీ బండి ఎట్లా కడతావో చూస్తానని ఖాజా పీర్‌ను బెదిరించాడు. తల్లిని దింపమన్నాడు. ఖాజా పీర్ రామక్కను చేతుల మీద ఎత్తి బస్సులో కూర్చోబెట్టాడు. బస్సు కదిలింది. కిటికీ లోంచి ముసలామె చెయ్యి ఎత్తింది. రోషన్ బీ ఎత్తలేదు.

అక్కడినుంచి ఉరవకొండ దాకా మూడురోజులు. పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. ఇవ్వమని అతను అడగలేదు. కొంతదూరం బండి వెనక నడిచాడు, కొంతదూరం వెనక పలక మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఎండ ఎక్కగానే ఆగారు, పొద్దు వాలాక కదిలారు. ఆగినచోట నీళ్ళు మోసుకొచ్చాడు, పుల్లలు ఏరాడు. ఆమె రొట్టె కాల్చి అతని ముందు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. అనంతపురం దాటేటప్పుడు మస్తాన్ పెద్ద ఊరు చూసి సంబరపడి తండ్రిని ఏవేవో అడిగితే, అతను వాడికి ఒక్కొక్కటీ చెప్పాడు. హబీబా అటు తిరిగి కూర్చుంది.

కూడేరు దగ్గర ఆగిన పొద్దున ఖాజా పీర్ ఆముదం గిన్నె తీసుకుని కూతురు దగ్గరికి వచ్చాడు. కాలు పట్టుకోబోతే ఆ పిల్ల వెనక్కి లాక్కుంది.

"అమ్మ పూస్తాది," అంది.

అతను గిన్నెను ఆ పిల్ల పక్కన పెట్టాడు. తర్వాత పొయ్యి దగ్గరున్న రోషన్ బీ పక్కకు వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు నాయనతో బండి మీద పోయేవాణ్ణని, గంగాధరప్ప ఒకసారి నాయనను చెప్పుతో కొట్టడం చూశానని, నాయన ఆ చెప్పును తుడిచి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడని చెప్పాడు. ఈ సంగతి పదకొండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ గొంతు వింటే నా నడుము దానంతటదే వంగుతాది రోషన్. నా చేతిలో లేదు."

ఆమె రొట్టె తిప్పింది. అతని మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు ఇంకా కోపం వచ్చింది.

"వంగితే నువ్వు వంగు," అంది. "నా బిడ్డలను కింద పరిచి వంగద్దు. ఆ చెప్పు దెబ్బ మీ నాయనకు పడింది. నువ్వు తీసుకొచ్చి నా బిడ్డ కాళ్ళకు వేసినావు."

అతను తల దించుకుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. రొట్టె అయ్యాక ఆమె అతనికి పెట్టింది. తిన్నాడు.

ఉరవకొండలో హుస్సేన్ బాషా ఇంటిముందు బండి ఆగేసరికి వీధిలో పిల్లలంతా చుట్టూ చేరారు. చెల్లెలు పగ్గాలు పట్టుకుని ఉండటం చూసి హుస్సేన్ బాషా నవ్వుతూ, ఏమప్పా, కదిరిలో మగోళ్ళు తోలడం మానేసినారా అని బావను ఎగతాళి చేశాడు. ఖాజా పీర్ నవ్వలేదు.

"ఆమె తోలబట్టే బిడ్డలు ప్రాణంతో చేరినారు," అన్నాడు, వీధిలో అందరికీ వినపడేట్టు. తర్వాత గుర్రాన్ని విప్పి నీళ్ళకు తీసుకుపోయాడు.

కాలువ పనులు నాలుగేళ్ళు నడిచాయి. ఖాజా పీర్ ఓవర్సీర్లను తిప్పాడు. ఆరో నెలలో ఒక మేస్త్రీ బండిలో ఉన్న కూలిబిడ్డను దించి తను ఎక్కుతానంటే, వెనక వచ్చే బండి ఎక్కమని చెప్పాడట. ఆ పొద్దు మేస్త్రీ తిట్టిన తిట్లకు అతను సాయంత్రం దాకా సద్దిమూట విప్పలేదని హుస్సేన్ బాషా చెప్పాడు. రోషన్ బీ విని పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

హబీబా కాళ్ళు మానడానికి నెల పట్టింది. మరో ఏడాది దాకా తండ్రిని ముట్టుకోనివ్వలేదు. చాలా కాలానికి, తనకూ బిడ్డలు పుట్టాక, ఆ కోపం ఎప్పుడు తగ్గిందమ్మా అని తల్లిని అడిగింది.

రోషన్ బీ అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"తగ్గిందని నీకెవరు చెప్పినారు?" అంది.